ఎన్ఎఫ్ఎస్ అనుసంధాన తిరస్కరణ

ఎన్ఎఫ్ఎస్ అనుసంధాన తిరస్కరణ అనేది యునిక్స్, లినక్స్ వంటి నిర్వాహక వ్యవస్థలలో, నెట్‌వర్కులోని మరొక కంప్యూటరు పంచుకుంటున్న ఫోల్డరును మౌంటు చేసేటపుడు ఎదురయ్యే ఒక లోపం. ఈ లోపం కలిగినపుడు తెరపై "కనెక్షన్ రెఫ్యూజ్‌డ్" అనే సందేశం కనిపిస్తుంది. వాడుకరికి అనుమతి లేదని దీని అర్థం కాదు. సందేశం చేరిన చోట, అడిగిన పోర్టు వద్ద, బదులిచ్చే ప్రోగ్రాము లేదని లేదా దానిని చేరనీయకుండా ఫైర్‌వాల్ తిప్పి పంపిందని దీని అర్థం. ఈ తేడా తెలియక అనుమతులను సడలించడం వలన లోపం తొలగకపోగా భద్రత దెబ్బతింటుంది.

నేపథ్యం

నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ (ఎన్ఎఫ్ఎస్) ను సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో రూపొందించింది. దూరంగా ఉన్న కంప్యూటరులోని ఫోల్డరును సొంత డిస్కులోని ఫోల్డరు వలెనే వాడుకొనే వీలును ఇది కల్పిస్తుంది. ఫోల్డరును పంచే కంప్యూటరును సర్వరు అనీ, వాడుకొనే కంప్యూటరును క్లయింటు అనీ అంటారు. క్లయింటులో ఆ ఫోల్డరును తగిలించే ఖాళీ డైరెక్టరీని మౌంట్ పాయింట్ అంటారు. ఎన్ఎఫ్ఎస్ 2వ వెర్షను ప్రమాణ పత్రం 1989లోను, 3వ వెర్షనుది 1995లోను, 4వ వెర్షనుది 2000లోను వెలువడ్డాయి.

అనుసంధానం జరిగే విధానం

3వ వెర్షనులో మౌంటు ప్రక్రియ మూడు అంచెలుగా జరుగుతుంది. క్లయింటు మొదట సర్వరులోని 111వ పోర్టు వద్ద ఉండే పోర్ట్‌మ్యాపరును సంప్రదించి, మౌంటు సేవ ఏ పోర్టులో ఉన్నదో తెలుసుకుంటుంది. (నేటి లినక్స్ పంపిణీలలో పోర్ట్‌మ్యాపరు స్థానంలో ఆర్‌పిసిబైండ్ ఉన్నది.) తరువాత మౌంటు సేవ నుండి ఫోల్డరుకు సంబంధించిన గుర్తును పొందుతుంది. చివరగా 2049వ పోర్టులోని ఎన్ఎఫ్ఎస్ సేవతో ఫైళ్ళ పని మొదలుపెడుతుంది. మౌంటు సేవ పోర్టు స్థిరంగా ఉండదు, సేవ మొదలైన ప్రతిసారీ మారవచ్చు. ఈ అంచెలలో ఏ ఒక్కటి పలకకపోయినా తిరస్కరణ ఎదురుకావచ్చు.

4వ వెర్షనులో పోర్ట్‌మ్యాపరు, విడి మౌంటు సేవ అవసరం లేదు. పని అంతా 2049వ పోర్టు ద్వారానే జరుగుతుంది.

సందేశం అర్థం

టిసిపి ప్రోటోకాల్‌లో క్లయింటు అనుసంధానం కోరినపుడు ఆ పోర్టు వద్ద ఏ ప్రోగ్రామూ లేకపోతే, సర్వరు నిర్వాహక వ్యవస్థ వెంటనే రద్దు సంకేతాన్ని పంపుతుంది. తలుపు తట్టినపుడు "ఇక్కడ అటువంటివారు ఎవరూ లేరు" అని సమాధానం రావడం వంటిది ఇది. అంటే సందేశం ఒక కంప్యూటరుకు చేరింది, అక్కడి నుండి జవాబు కూడా వచ్చింది. లినక్స్‌లో ఈ లోపం సంఖ్య 111. పోర్ట్‌మ్యాపరు పోర్టు సంఖ్య కూడా 111 కావడం కేవలం యాదృచ్ఛికం.

ఇతర లోపాలతో తేడా

* కనెక్షన్ టైమ్‌డ్ ఔట్: జవాబే రాలేదు. సర్వరు ఆగిపోయి ఉండవచ్చు లేదా ఫైర్‌వాల్ సందేశాలను నిశ్శబ్దంగా పారవేస్తుండవచ్చు.
* నో రూట్ టు హోస్ట్: దారి లేదు, లేదా ఫైర్‌వాల్ ఆ కంప్యూటరుకు ప్రవేశం నిషిద్ధమని తెలిపింది.
* యాక్సెస్ డినైడ్: సర్వరు సేవ పనిచేస్తున్నది, కాని పంపకాల జాబితాలో ఈ క్లయింటుకు చోటు లేదు.
* పర్మిషన్ డినైడ్: మౌంటు అయిన తరువాత వచ్చినట్లయితే, ఫైలుపై వాడుకరికి హక్కు లేదు.

సాధారణ కారణాలు

* సర్వరులో ఎన్ఎఫ్ఎస్ సేవ మొదలు కాకపోవడం. డెబియన్, ఉబుంటుల పాత వెర్షన్లలో, పంచవలసిన ఫోల్డర్లను తెలిపే ఎక్స్‌పోర్ట్స్ ఫైలు ఖాళీగా ఉంటే ఈ సేవ మొదలయ్యేది కాదు.
* ఆర్‌పిసిబైండ్ ఆగిపోవడం. దానిని తిరిగి మొదలుపెట్టినపుడు అంతకుముందు నమోదైన సేవల వివరాలు చెరిగిపోవచ్చు. అందుచేత ఎన్ఎఫ్ఎస్ సేవను కూడా మళ్ళీ మొదలుపెట్టాలి.
* సేవ 127.0.0.1 అనే సొంత చిరునామాకే పరిమితం కావడం. అప్పుడు సర్వరులో చేసిన పరీక్ష ఫలిస్తుంది, బయటి నుండి చేసినది విఫలమవుతుంది.
* చిరునామా మారడం. రౌటరు సర్వరుకు కొత్త చిరునామా ఇచ్చి, పాతదానిని వేరొక కంప్యూటరుకు కేటాయిస్తే, తిరస్కరణ ఆ రెండవ కంప్యూటరు నుండి వస్తుంది.
* ఫైర్‌వాల్ సందేశాలను పారవేయక, తిరస్కరిస్తూ జవాబు పంపడం.

పరిష్కార క్రమం

1. క్లయింటు ఏ చిరునామాను సంప్రదిస్తున్నదో సరిచూడాలి. పింగ్ ఆదేశానికి జవాబు రావడం కంప్యూటరు ఉన్నదనడానికే ఋజువు, సేవ ఉన్నదనడానికి కాదు.
2. సర్వరులో ఎన్ఎఫ్ఎస్ సేవ నడుస్తున్నదో లేదో చూడాలి. నడవకపోతే లాగ్ ఫైళ్ళలో కారణం తెలుస్తుంది.
3. సర్వరులో నెట్‌స్టాట్ లేదా ఎస్ఎస్ ఆదేశంతో 2049వ పోర్టు ఏ చిరునామాపై తెరిచి ఉన్నదో చూడాలి. 3వ వెర్షనైతే 111వ పోర్టును కూడా చూడాలి.
4. 3వ వెర్షను వాడుతుంటే క్లయింటు నుండి ఆర్‌పిసిఇన్ఫో ఆదేశం ఇవ్వాలి. ఇదే తిరస్కరణకు గురైతే లోపం 111వ పోర్టు వద్ద ఉన్నట్లు. జాబితా వచ్చి, అందులో ఎన్ఎఫ్ఎస్ గాని మౌంటు సేవ గాని లేకపోతే ఆ సేవ నమోదు కాలేదన్నమాట.
5. సర్వరులో అన్నీ సరిగా ఉండి క్లయింటుకు మాత్రమే తిరస్కరణ వస్తుంటే ఫైర్‌వాల్ నియమాలను పరిశీలించాలి. 3వ వెర్షనుకు మౌంటు సేవను ఒక స్థిరమైన పోర్టులో ఉంచి దానిని అనుమతించాలి.

కేవలం 4వ వెర్షను నడిచే సర్వరుపై షోమౌంట్ ఆదేశం విఫలమైనా మౌంటు సఫలం కావచ్చు. ఆ ఆదేశం 3వ వెర్షను మౌంటు సేవపై ఆధారపడటమే దీనికి కారణం.

జాగ్రత్తలు

మౌంటు విఫలమైనా మౌంట్ పాయింట్ డైరెక్టరీ అలాగే ఉంటుంది. ప్రతి రాత్రి నకళ్ళు తీసే ప్రోగ్రాము వాటిని సర్వరుకు బదులు క్లయింటు సొంత డిస్కులోనే వ్రాసి, పని పూర్తయిందని తెలుపవచ్చు. తరువాత మౌంటు సఫలమైతే ఆ ఫైళ్ళు దాని చాటున కనబడకుండా పోతాయి. ఈలోగా క్లయింటు డిస్కు చెడిపోతే అసలు, నకలు రెండూ పోతాయి. అందుచేత వ్రాసే ముందు మౌంటు ఉన్నదో లేదో ప్రోగ్రాము సరిచూడటం అవసరం. కంప్యూటరు ప్రారంభంలో నెట్‌వర్కు సిద్ధం కాకముందే మౌంటు ప్రయత్నం జరగకుండా, ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో నెట్‌డెవ్ ఐచ్ఛికాన్ని చేర్చవచ్చు.

ఫైలు హక్కులను అందరికీ తెరవడం, ఫైర్‌వాల్‌ను శాశ్వతంగా ఆపివేయడం పరిష్కారాలు కావు. మొదటిదానికి ఈ లోపంతో సంబంధమే లేదు. రెండవది సర్వరులోని ఇతర సేవలను కూడా బయటికి తెరుస్తుంది.

విండోస్ పంపకాలు

విండోస్, సాంబా పంచుకొనే ఫోల్డర్లు ఎస్ఎంబి ప్రోటోకాల్‌ను వాడతాయి. దీని ముఖ్య పోర్టు 445. లినక్స్ నుండి వీటిని మౌంటు చేసేటపుడు 111 లోపం వస్తే, పైన చెప్పిన విధంగానే సేవను, పోర్టును, ఫైర్‌వాల్‌ను పరిశీలించాలి. ఈ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవరాదు. 2017 మే నెలలో వ్యాపించిన వాన్నాక్రై ఈ ప్రోటోకాల్ 1వ వెర్షను అమలులోని లోపాన్ని ఆధారం చేసుకొన్నది. ఆంధ్ర ప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని అప్పట్లో దాని బారిన పడినట్లు వార్తలు వచ్చాయి.

ఇవి కూడా చూడండి

* లినక్స్
* ఫైర్‌వాల్
* సాంబా (సాఫ్టువేరు)
* సన్ మైక్రోసిస్టమ్స్