మళ్లీ వినిపించిన టకటక

కొండాపూర్‌లో మా ఇంట్లో వారం రోజులుగా ఒకటే చర్చ: గేమింగ్ పీసీకి ఏ కీబోర్డు కొనాలి? "మెకానికలే కావాలమ్మా, ప్రతి కీ కిందా విడిగా స్విచ్ ఉంటుంది" అన్నాడు మావాడు. ఫోన్‌లో దాని చప్పుడు వినిపించాడు. టకటక! సంగారెడ్డిలో నేను టైపు నేర్చుకున్న గది గుర్తొచ్చింది. లోయర్ పాసయ్యాను, హయ్యర్ రాయకముందే పెళ్లయింది.

అమెరికాలో షోల్స్ రూపొందించిన టైప్‌రైటర్‌ను రెమింగ్టన్ 1874లో అమ్మకానికి తెచ్చింది. నేటి క్వెర్టీ వరుస ఆ మిషన్ల నుంచి వచ్చిందే. మన దేశంలో గోద్రెజ్ 1955లో తయారుచేసింది. 1980లలో జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ ఎంఎక్స్ స్విచ్‌లు తెచ్చింది. వాటిలో ఇప్పుడు నీలంరంగువి టకటకమంటాయి, ఎర్రవి అంత చప్పుడు లేకుండా దిగుతాయి.

రాత్రుళ్లు ఆడతాడు కదా, వాడికి ఎర్రవే కొనమన్నాను. నాకు మాత్రం నీలం! ఈ నాలుగు ముక్కలూ దానిమీదే కొట్టాను.