236 మాటల్లో ఒక పిల్లి

అమెరికాలోని బోస్టన్ గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు చూసే వర్జీనియా హావిలాండ్ దగ్గరికి ఒకరోజు ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చాడట. తనకు చదవడం వచ్చేసిందని, తాను చదవగలిగే పుస్తకాలు ఎక్కడున్నాయో చూపించమని అడిగాడట. 1950ల మాట ఇది. ఆ రోజుల్లో అక్కడ పిల్లల పుస్తకాలకు కొదవేమీ లేదు. కాని బొమ్మల పుస్తకాలన్నీ పెద్దవాళ్ళు ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదివి వినిపించేవి. కథల పుస్తకాలేమో ఇంకో రెండు మూడేళ్ళు పోతే గాని ఆ వయసువాళ్ళ చేతికి అందవు. నిన్నగాక మొన్న అక్షరాలు కూడబలుక్కున్న ఆరేళ్ళవాడు ఎవరి సాయమూ లేకుండా కూర్చుని, మొదటి పేజీ నుంచి చివరిదాకా తానే చదివి మూయగలిగే కథ దాదాపు కరువు.

హావిలాండ్ ఈ సంగతి న్యూయార్క్‌లో హార్పర్ సంస్థ పిల్లల పుస్తకాల సంపాదకురాలు అర్సులా నార్డ్‌స్ట్రమ్‌కు చెప్పింది. ఆవిడ మనసులో అది అలాగే ఉండిపోయింది. అదే సమయంలో లాంగ్ ఐలండ్‌లో ఒకటో తరగతికి పాఠాలు చెప్పే ఎల్స్ మినారిక్ అనే టీచరుకూ అదే బాధ. ఏడాదంతా కష్టపడి చదవడం నేర్పితే, వేసవి సెలవుల్లో పిల్లలు చదువుకోవడానికి ఏమీ లేదు. అందుకని తనే ఒక ఎలుగుబంటి పిల్ల మీద కథలు రాసింది. మంచులో ఆడుకోవడానికి వెళ్తూ చలి అని మాటిమాటికీ అమ్మ దగ్గరికి వచ్చే పిల్ల, చంద్రుడి దగ్గరికి ఎగిరిపోతానని బయలుదేరే పిల్ల. ఆ రాతప్రతి నార్డ్‌స్ట్రమ్ దగ్గరికి చేరింది. బొమ్మలు వేయడానికి మారిస్ సెండాక్ అనే యువకుడు కుదిరాడు. 1957లో 'లిటిల్ బేర్' వచ్చింది. చిన్న చిన్న వాక్యాలు, వాటిని పెద్ద అక్షరాల్లో అచ్చేసి, నాలుగు కథలుగా విడదీశారు. ఇలా విడదీయడం నాకు చాలా ఇష్టం. పెద్దవాళ్ళ పుస్తకాల్లో ఉన్నట్టే తన పుస్తకంలోనూ అధ్యాయాలు ఉండటం ఆరేళ్ళ పిల్లకు ఎంత గౌరవమో!

అదే 1957లో, అదే కరువు తీర్చడానికి ఇంకో పుస్తకం వచ్చింది. దాని వెనక కథ ఇంకా పెద్దది.

అప్పటి అమెరికా బడుల్లో ఒకటో తరగతి పిల్లలు ఎక్కువగా చదివినవి డిక్, జేన్ అనే అన్నాచెల్లెళ్ళ వాచకాలు. 1930 ప్రాంతంలో మొదలైన ఆ పుస్తకాలు ఒక పద్ధతి మీద నడిచేవి. మాటను అక్షరాలుగా విడదీయకుండా, బొమ్మను గుర్తుపట్టినట్టు మాట మొత్తాన్నీ చూసి గుర్తుపట్టాలి. అలా గుర్తుండాలంటే ఒకే మాట మళ్ళీ మళ్ళీ రావాలి. అందువల్ల ఆ పేజీల్లో అన్నాచెల్లెళ్ళు ఒకరినొకరు చూడమని పిలుచుకోవడం, కుక్క పరుగెత్తడం తప్ప పెద్దగా ఏమీ జరగదు. ఆ ఇంట్లో ఎవరూ అల్లరి చెయ్యరు, ఎవరికీ కోపం రాదు.

1954 మే నెలలో 'లైఫ్' పత్రికలో జాన్ హెర్సీ దీని గురించి ఒక వ్యాసం రాశాడు. హిరోషిమా విధ్వంసాన్ని లోకానికి కళ్ళకు కట్టిన రచయిత ఆయనే. కనెక్టికట్‌లో తమ ఊరి బడుల తీరును పరిశీలించే సంఘంలో పనిచేస్తూ, పిల్లలు చదువులో ఎక్కడ తడబడుతున్నారో దగ్గర నుంచి చూశాడు. వాచకాల్లోని పిల్లలు అతి మర్యాదస్తులని, బొమ్మలు చప్పగా ఉన్నాయని తేల్చి చెప్పి, వాటిని ఊహాశక్తి ఉన్న చిత్రకారుల చేత ఎందుకు గీయించకూడదని అడిగాడు. ఆ సందర్భంలో ఆయన చెప్పిన పేర్లలో డాక్టర్ స్యూస్ ఒకటి. మరుసటి ఏడాది రుడాల్ఫ్ ఫ్లెష్ రాసిన పుస్తకం ఆ దేశపు తల్లిదండ్రులను ఇంకా కలవరపెట్టింది. అక్షరాల ధ్వనులు నేర్పకుండా మాటలు బట్టీ పట్టించడమే తప్పని ఆయన వాదన.

డాక్టర్ స్యూస్ అసలు పేరు థియొడార్ గైజెల్. అప్పటికే పిల్లల పుస్తకాలకు పేరున్నవాడు. హ్యూటన్ మిఫ్లిన్ సంస్థలో పాఠ్యపుస్తకాలు చూసే విలియం స్పాల్డింగ్ ఆయన్ని పిలిచి, ఒకటో తరగతి పిల్లలు కింద పెట్టలేని కథ ఒకటి రాసిపెట్టమన్నాడు. షరతు ఒక్కటే. ఆ వయసు పిల్లలు గుర్తుపట్టగల మాటల జాబితా ఒకటి ఇస్తారు, కథంతా అందులోని మాటలతోనే నడవాలి. జాబితాలో మూడు వందల పైచిలుకు మాటలున్నాయి, వాటిలోనూ వాడవలసినవి రెండు వందల పాతిక లోపే.

లేని మాటలు పుట్టించి, ఎన్నడూ చూడని జంతువులకు పేర్లు పెట్టి రాయడం గైజెల్‌కు అలవాటు. అలాంటివాడి చేతికి ఆ జాబితా వచ్చింది. కొద్ది వారాల్లో అయిపోతుందనుకున్న పని ఏడాది దాటినా తెమల్లేదు. రాణిగారైన ఒక చారలగుర్రం కథ రాద్దామనుకుంటే, జాబితాలో రాణీ లేదు, చారలగుర్రమూ లేదని ఆయనే చెప్పుకున్నాడు. విసిగిపోయి, జాబితాలో ప్రాస కుదిరే మొదటి రెండు మాటలు ఏవైతే అవే కథ అనుకుని వెతికితే 'క్యాట్', 'హ్యాట్' దొరికాయని ఆయన చెప్పిన మాట అందరికీ తెలిసిందే. అయితే ఈ పుట్టుకను ఆయన ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా చెప్పాడు. ఏది నిజమైనా, ఆ పిల్లికి పొడుగాటి ఎర్రచారల టోపీ వచ్చింది. వాన పడుతున్న రోజున, అమ్మ ఇంట్లో లేనప్పుడు, ఆ పిల్లి లోపలికి వచ్చి ఇల్లంతా తలకిందులు చేసింది.

లెక్క వేస్తే పుస్తకంలో వాడిన వేర్వేరు మాటలు 236. కాస్త గీత దాటినట్టే. ఆ మాటలే ప్రాసలుగా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. 'క్యాట్' చదివిన పిల్లకు 'హ్యాట్' సగం వచ్చేసినట్టే, ఆ తర్వాత 'శాట్' కూడా. మాట మొత్తం గుర్తుపట్టే పద్ధతి కోసం తయారైన జాబితాలోంచే, చివరి ధ్వనిని పట్టుకుని కొత్త మాటను పలికే ఉపాయాన్ని ఆ కథ పిల్లలకు అందించింది. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం సరేసరి. కష్టపడి ఒక వాక్యం చదివితే దానికి తగ్గ ప్రతిఫలం ఉండాలి కదా! పెద్దలకైనా అంతే, కాకపోతే మనం మొహమాటానికి చదివేస్తాం. పిల్లలు పుస్తకం మూసేస్తారు.

గైజెల్ అప్పటికే రాండమ్ హౌస్ రచయిత. అందుకని బడుల ప్రతి హ్యూటన్ మిఫ్లిన్ వేసేటట్టు, దుకాణాల ప్రతి రాండమ్ హౌస్ వేసేటట్టు ఒప్పందం కుదిరింది. విచిత్రమేమిటంటే ఏ బడుల కోసం పుట్టిందో ఆ బడులు దాన్ని నెమ్మదిగా తీసుకున్నాయి. దుకాణాల్లో మాత్రం పిల్లలు అడిగి మరీ కొనిపించుకున్నారు. రాండమ్ హౌస్ అధినేత బెనెట్ సెర్ఫ్ భార్య ఫిలిస్, గైజెల్, ఆయన భార్య హెలెన్ కలిసి 'బిగినర్ బుక్స్' అనే శాఖనే పెట్టారు. ఆ తర్వాత బెనెట్ సెర్ఫ్ 50 డాలర్ల పందెం కాశాడు, 50 మాటలతో పుస్తకం రాయలేవని. గైజెల్ రాశాడు. 1960లో వచ్చిన 'గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్'లో సరిగ్గా యాభై మాటలే, వాటిలో నలభై తొమ్మిది ఒకే దెబ్బలో పలికేవి. పందెం డబ్బు మాత్రం తనకు ముట్టలేదనేవాడు.

ఇప్పుడు అమెరికాలో పెరిగే మన పిల్లలు కూడా ఆ పిల్లితోనే ఇంగ్లీషు కూడబలుక్కుంటున్నారు. మరి తెలుగు నేర్చుకునే పిల్లకు అలాంటి పుస్తకం రాయాలంటే ఎలా అని ఒక సాయంత్రం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మన చిక్కు వేరు. ఇంగ్లీషులో ఒకే అక్షరం పదిచోట్ల పదిరకాలుగా పలుకుతుంది, కనుక మాటలు లెక్కపెట్టుకోవాలి. మనకు రాసింది రాసినట్టే పలుకుతుంది, కాని గుణింతం దాటి ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి పిల్ల ఆగిపోతుంది. కాబట్టి మన జాబితా మాటలది కాదు, ఒత్తులు లేకపోవడమే మన షరతు.

ఆ షరతు పెట్టుకున్నాక తెలిసింది. అమ్మకు ఒత్తుంది. నాన్నకు, అక్కకు, అన్నకు, చెల్లికి, తమ్ముడికి, అవ్వకు, అత్తకు ఉంది. ఇల్లు, అన్నం, కుక్క, చెట్టు, పువ్వు, బొమ్మ, అన్నీ పోయాయి. పిల్లికీ ఒత్తే, ఆ టోపీ పిల్లి మన మొదటి పుస్తకంలో అడుగుపెట్టలేదు. కథ నడిపే 'వచ్చాడు', 'అన్నాడు', 'చెప్పాడు' కూడా లేవు. మిగిలిందెవరు? తాత, మామ, బావ, పాప. కాకి, మేక, ఆవు, చీమ, చేప, కోతి, పులి. అదృష్టం కొద్దీ టోపీకి ఒత్తు లేదు. దాంతో ఇంతవరకు వచ్చింది:

ఒక కోతి. ఆ కోతి తల మీద టోపీ. ఆ టోపీ ఎవరిది? తాతది. తాత అడిగాడు. కోతి వినలేదు. గోడ మీదికి దూకింది. పాప చూసింది. పాప చేతిలో జామకాయ ఉంది.

ఇక్కడ ఆగింది. తర్వాత పాప జామకాయ ఇచ్చి టోపీ తీసుకోవాలి. 'ఇచ్చి'కి ఒత్తుంది. 'తీసుకుంది' ఫరవాలేదు. జామకాయను కోతి చేతిలోకి ఒత్తు లేకుండా చేర్చే మాట కోసం వెతుకుతున్నాను.