ఐసిస్ పేరు ఎవరిది?

ఈ వారం మన చరిత్ర కబుర్లకి కారణం ఒక తల్లి అడిగిన ప్రశ్న. వాళ్ళమ్మాయి పాత కామిక్ పుస్తకాలు తిరగేస్తుంటే అట్టమీద "ఐసిస్" అన్న పేరు కనిపించిందట. "ఆ టెర్రరిస్టుల పేరుతో సూపర్ హీరోయిన్ ఏమిటమ్మా?" అని ఆ పిల్ల అడిగింది. ఆవిడ నన్నడిగారు. ఈ ప్రశ్నకి జవాబు కాస్త పొడుగు. కొంచెం వెనక్కి, అంటే నాలుగు వేల ఏళ్ళకి పైగా వెనక్కి, వెళ్ళాలి మరి.

ఐసిస్ అన్నది గ్రీకుల నోట్లో పడి మారిన రూపం. ఈజిప్టు వాళ్ళు ఆవిడని పిలుచుకున్న పేరు "అసెత్" లాంటిదని పండితులు చెబుతారు. ఆ పేరుని చిత్రలిపిలో సింహాసనం బొమ్మతో రాసేవారు. బొమ్మల్లో ఆవిడ తలమీద కిరీటంలా కనిపించేది కూడా ఆ సింహాసనమే. పిరమిడ్ల లోపలి గోడలమీద చెక్కిన మంత్రాల్లోనే, అంటే క్రీస్తుకి పూర్వం 24వ శతాబ్దం నాటికే, ఆవిడ ఉంది.

కథ మీకు తెలిసే ఉంటుంది. భర్త ఒసిరిస్‌ని తమ్ముడు సెత్ చంపేస్తాడు. గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన ప్రకారం శరీరాన్ని 14 ముక్కలు చేసి దేశమంతా విసిరేస్తాడు. ఐసిస్ పడవలో తిరిగి ముక్కలన్నీ వెతుకుతుంది. దొరికిన ప్రతిచోటా అంత్యక్రియలు జరిపిస్తుంది. అందుకే ఈజిప్టులో అన్ని ఊళ్ళలో ఒసిరిస్ సమాధులున్నాయని ప్లూటార్క్ అంటాడు. ఇది వినగానే మనకి సతీదేవి గుర్తుకొస్తుంది. అక్కడ భర్త శరీరం ముక్కలైతే, ఇక్కడ భార్య శరీరం ముక్కలైంది. పడిన చోటల్లా శక్తిపీఠం వెలిసింది. మన శ్రీశైలం, ఆలంపురం, ద్రాక్షారామం, పిఠాపురం అలాంటివే కదా. అయితే ఒక మాట. ఇంత పోలిక కనిపించగానే "అదంతా మన దగ్గర్నుంచే వెళ్ళింది" అనే పెద్దమనుషులు ప్రతి పార్టీలోనూ ఒకరుంటారు. అలా అనడానికి ఆధారమేమీ లేదు. పోలిక చూసి ఆనందిద్దాం, అంతవరకే.

ఐసిస్ బలం కండల్లో లేదు. మంత్రంలో ఉంది, ఇంకా చెప్పాలంటే తెలివిలో ఉంది. సూర్యదేవుడు రా ముసలివాడై నోటివెంట చొంగ కారుస్తుంటే, ఆ చొంగనీ మట్టినీ కలిపి పాముని చేసి అతని దారిలో పెడుతుంది. పాము కరిచి అతను గిలగిల్లాడుతుంటే "నీ రహస్య నామం చెప్పు, విషం దించుతాను" అంటుంది. చివరికి చెప్పించుకుంటుంది కూడా. నన్నడిగితే ఐసిస్ కథల్లో ఇంత రంజైనది ఇంకొకటి లేదు. పేరు తెలిసినవాడి చేతిలో శక్తి ఉంటుందని వాళ్ళ నమ్మకం.

ఇక అమెరికాకి వద్దాం. 1975 సెప్టెంబరులో సీబీఎస్ టీవీలో శనివారం ఉదయం పిల్లల కార్యక్రమంగా ఐసిస్ మొదలైంది. తీసింది ఫిల్మేషన్ సంస్థ. ఆండ్రియా థామస్ అనే హైస్కూల్ సైన్సు టీచరుకి ఈజిప్టు తవ్వకాల్లో ఒక తాయెత్తు దొరుకుతుంది. అది ఒకప్పుడు హత్షెప్సుత్ రాణిదట. హత్షెప్సుత్ కల్పన కాదు. క్రీస్తుకి పూర్వం 15వ శతాబ్దంలో ఇరవై ఏళ్ళ పాటు ఫారోగా ఏలిన నిజమైన రాణి. తాయెత్తు మాత్రం కల్పన. దేవతని తలుచుకోగానే టీచరు తెల్లని పొట్టి దుస్తుల్లోకి మారి, గాలిలో ఎగిరి, ఆపదలో ఉన్న పిల్లల్ని కాపాడుతుంది. వేషం వేసినావిడ జోఆనా కామరాన్; 2021లో కన్నుమూశారు. రెండేళ్ళలో వచ్చినవి 22 భాగాలే. కానీ అమెరికా టీవీలో ఒక సూపర్ హీరోయిన్ ముఖ్యపాత్రగా నటీనటులతో తీసిన మొదటి వారంవారం సీరియల్ ఇదేనంటారు. వండర్ వుమన్ సీరియల్‌కి నాంది పలికిన టీవీ సినిమా అదే ఏడాది నవంబరులో గానీ రాలేదు.

మామూలుగా కామిక్ ముందు వస్తుంది, టీవీ తర్వాత వస్తుంది. ఇక్కడ తలకిందులు. టీవీలో పేరొచ్చాక 1976లో డీసీ కామిక్స్ వాళ్ళు ఆవిడని "షజామ్" 25వ సంచికలో ప్రవేశపెట్టి, వెంటనే సొంత పుస్తకం వేశారు. ఎనిమిది సంచికలతో 1977 చివర్లో ఆగిపోయింది. టీవీ కథల్లో ఒసిరిస్ లేడు, పడవ ప్రయాణం లేదు, పాము లేదు. దేవత పేరు తీసుకుని దేవత కథ వదిలేశారన్నమాట. ఇది నాకు లోటే. అయినా హీరోయిన్‌ని సైన్సు టీచరుని చేసినందుకు వాళ్ళని పూర్తిగా తిట్టలేను.

చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే అసలు ఐసిస్ గుడి కూడా చోటు మారుతోంది. నైలు నదిలో ఫిలే ద్వీపం మీది ఆలయం అస్వాన్ ఆనకట్టల నీళ్ళలో మునిగిపోతుంటే, యునెస్కో సాయంతో రాయి రాయీ విప్పి పక్కనున్న అగిల్కియా ద్వీపం మీద మళ్ళీ కట్టారు. 1980లో పని పూర్తయింది. మన శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు రాకముందు సంగమేశ్వరం దగ్గరి కూడవెల్లి గుడిని విప్పి ఆలంపురంలో కట్టిన సంగతి తెలిసినవారికి ఇందులో ఎంత శ్రమ ఉందో చెప్పక్కర్లేదు. క్రీస్తుశకం 394లో, ఇప్పటివరకూ దొరికిన వాటిలో చిట్టచివరి చిత్రలిపి శాసనం చెక్కినది ఆ ఫిలే గుడి గోడ మీదే. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి గుడి మూయించేదాకా పూజలు సాగాయి.

2006లో డీసీ వాళ్ళు "52" అనే వారపత్రిక లాంటి కామిక్‌లో కొత్త ఐసిస్‌ని తెచ్చారు. ఈమె పేరు ఆడ్రియానా తోమాజ్. కాందాక్ అనే కల్పిత దేశాన్నేలే బ్లాక్ ఆడమ్‌కి భార్య అవుతుంది, అతని క్రూరత్వాన్ని కొంత మెత్తబరుస్తుంది. ఈసారి ఆమెకో తమ్ముడు, అతని పేరు ఒసిరిస్! పురాణంలో భర్త, కామిక్‌లో తమ్ముడు. (పురాణంలోనూ ఒసిరిస్ ఆమెకి అన్నదమ్ముడేననుకోండి, ఆ చర్చ పిల్లలు పడుకున్నాక.)

తర్వాత ఆ పేరు మీద పిడుగు పడింది. 2013, 2014 సంవత్సరాల్లో ఇరాక్, సిరియాల్లో చెలరేగిన హంతక ముఠా పేరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపితే అచ్చం దేవత పేరే వచ్చింది. మూడు పెద్ద ఫోను కంపెనీలు కలిసి నడిపిన "ఐసిస్" అనే చెల్లింపుల సేవ 2014లో సాఫ్ట్‌కార్డ్‌గా పేరు మార్చుకుంది. ఆడపిల్లలకి ఆ పేరు పెట్టినవాళ్ళు బళ్ళో వెక్కిరింపులకి భయపడ్డారు. 2022లో "బ్లాక్ ఆడమ్" సినిమా వచ్చినప్పుడు ఆడ్రియానా పాత్ర ఉంది, సారా షాహీ నటించారు. కానీ ఆమె ప్రొఫెసరు మాత్రమే. శక్తులూ లేవు, ఐసిస్ అన్న పేరూ లేదు.

ఆ అమ్మాయికి నేను చెప్పమన్నది ఇది: ఆ పుస్తకం అట్టమీది పేరు ముఠా పుట్టకముందు 1976లో అచ్చయినది. ఆ పేరుగల దేవత అంతకు నాలుగువేల ఏళ్ళ ముందుది. ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంకి తీసుకెళ్ళండి. 1930 నుంచీ అక్కడ ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు కొని తెచ్చి ఏడో నిజాంకి ఇస్తే, ఆయన మ్యూజియంకి ఇచ్చేశారు.

ఉంటాను. వచ్చేవారం కలుద్దాం.