తూకం వెతికే చేతులు: పిల్లల కళాబోధనలో చలనశిల్పం

చలనశిల్పాన్ని పిల్లలకు పరిచయం చేయడమంటే కదిలే బొమ్మలు చూపించడం కాదు, తూకం కుదిరే చోటును వాళ్ల చేతులతోనే వెతకనివ్వడం. నియమం ముందు చెప్పి, తయారీని దానికి ఉదాహరణగా మిగిల్చే బోధనలో ఈ కళ సారం జారిపోతుందని ఈ వ్యాసం ప్రతిపాదన. శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ (1898–1976) కృషి ఇందుకు తొలి ఆధారం. 1919లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పొందిన ఆయన, 1930లో పారిస్‌లో చిత్రకారుడు మాండ్రియాన్ చిత్రశాలను చూశాక నైరూప్య కళవైపు మళ్లారు. ఆయన కదిలే శిల్పాలకు 1931లో కళాకారుడు మార్సెల్ డ్యూషాంప్ ‘మొబైల్’ అని పేరుపెట్టారు. తొలి రోజుల్లో కొన్నిటిని మోటారుతో నడిపిన కాల్డర్, తరువాత కదలికను గాలికే అప్పగించారు. మోటారు కదలిక ముందే నిర్ణయమైపోతుంది; గాలి కదలిక నిర్ణయం కాదు. గాలి ఎటు తోసినా శిల్పం మళ్లీ కుదురుకోవాలంటే తూకం పక్కాగా ఉండాలి. ఇక్కడ ఇంజనీరు, కళాకారుడు ఒకే పని చేస్తున్నారు.

ఆ పని వెనుక సూత్రం కావడి మోసేవారికి తెలిసిందే: ఒకవైపు బరువు ఎక్కువైతే భుజం అటు జరగాలి. మొబైల్‌లో ముక్కలను మోసే పుల్ల బరువును లెక్కలోకి తీసుకోకపోతే, వేలాడదీసిన చోటు నుంచి 5 సెంటీమీటర్ల దూరంలోని 20 గ్రాముల అట్టముక్క, అవతల 10 సెంటీమీటర్ల దూరంలోని 10 గ్రాముల ముక్కతో సరితూగుతుంది. అయితే పిల్లలు దీన్ని ఎలా గ్రహిస్తారు? 1970లలో మనోవిజ్ఞాన పరిశోధకులు అనెట్ కార్మిలాఫ్-స్మిత్, బార్బెల్ ఇన్‌హెల్డర్ పిల్లలకు చెక్కదిమ్మెలిచ్చి సన్నని పట్టీమీద నిలబెట్టమన్నారు. కొన్ని దిమ్మెల్లో ఒక కొసన కనబడని బరువు దాచారు. నాలుగైదేళ్లవారు చేతి స్పర్శను బట్టి వాటిని నిలబెట్టగలిగారు. ఆరేడేళ్లవారిలో చాలామంది నడిమధ్యే తూకమని నమ్మి, నిలవని దిమ్మెలను అసాధ్యమని పక్కన పెట్టారు. ఎనిమిది, తొమ్మిదేళ్లవారు బరువును కూడా పరిగణించి సర్దుకున్నారు. అంటే మధ్య దశలోని వైఫల్యం తెలివితక్కువతనం కాదు, సొంత సిద్ధాంతం కట్టుకుంటున్న గుర్తు. ఆ సిద్ధాంతాన్ని సడలించేది పదేపదే ఎదురయ్యే వస్తువే. అందుకే చీపురుపుల్లలు, దారం, అట్టముక్కలు ఇచ్చి, అడుగు వరస నుంచి పైకి కట్టించాలి. పైవరస మోయాల్సిన బరువు కింది వరస పూర్తయితేగాని తేలదు. ముడిని బిగించెయ్యకుండా పుల్లమీద జరిగేలా వదలడం ఈ బోధనకు ప్రాణం.

ఇది కళ ముసుగులో భౌతికశాస్త్ర పాఠమేనన్న ఆక్షేపణ రావచ్చు. కానీ తూకం నియమం శిల్పం నిలుస్తుందో లేదో మాత్రమే చెబుతుంది, ఎలా ఉండాలో చెప్పదు. ఒకే బరువున్న వెడల్పాటి పలచని ఆకు, చిన్న మందపాటి బిళ్ల తూకంలో సమానమే. గాలిలో మాత్రం వాటి నడక వేరు. ఏది కావాలన్న ఎంపిక పూర్తిగా కళాత్మకమైనది. పదేపదే ఒరిగిపోతే పిల్లలు నిరుత్సాహపడతారన్నది మరో అభ్యంతరం. ఈ కష్టం నిజమే. కాబట్టి మొదట ఒకే పుల్ల, రెండే ముక్కలతో ఆగాలి. పైగా ఇక్కడ తప్పు దేన్నీ పాడుచేయదు. పుల్ల ఏవైపు ఒరిగిందో కళ్లెదుటే తెలుస్తుంది, దారం కాస్త జరిపితే చాలు. తప్పొప్పులు ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేదు. మూల్యాంకనం కూడా మారాలి: పూర్తయిన వస్తువు అందానికి మార్కులు వేయడం కాదు, కొత్త ముక్క ఒకటి తగిలించినప్పుడు శిల్పాన్ని ఆ బిడ్డ తిరిగి తూకానికి తేగలుగుతున్నదా అని చూడాలి. ఆ సర్దుబాటు వచ్చిన బిడ్డకు సూత్రాన్ని ఆ తరువాత చెబితే, అది తన చేతికి తెలిసినదానికి పేరుగా అందుతుంది.