గరిడి విద్య – సమరభూమి: బొబ్బిలి సాక్ష్యం

సాముగరిడీలలో నేర్చిన విద్య నిజమైన పోరులో ఎంతవరకు అక్కరకు వస్తుందన్న ప్రశ్నకు 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం తగిన నికషం. బుస్సీ సేన ఫిరంగులతో కోట బురుజులను దూరం నుంచే బద్దలు కొట్టింది. ఆ దశలో కత్తిసాముకు తావు లేదు. అయితే రాబర్ట్ ఓర్మ్ రచించిన చరిత్రను పరిశీలిస్తే మరొక అంశం తెలుస్తుంది. బురుజులకెగబాకిన సైనికులను బొబ్బిలి వీరులు గంటల తరబడి లోపల అడుగుపెట్టనీయలేదు. పోరు చేతికందే దూరానికి వచ్చినప్పుడు ఆయుధాభ్యాసం ఫలించిందన్నమాట.

కోట పడిన తరువాత విజయరామరాజు రాత్రివేళ తన గుడారంలోనే హతుడయ్యాడు. జనశ్రుతి ఆ కార్యాన్ని తాండ్ర పాపారాయునికి ఆపాదించింది. అక్కడ అక్కరకు వచ్చినవి కావలివారి కన్నుగప్పే ఓర్పు, చావుకు సిద్ధపడిన తెగువ. గరిడిలో ప్రత్యర్థి నియమానికి కట్టుబడతాడు కనుక ఇవి అక్కడ పూర్తిగా అలవడేవి కావు.

దిట్టకవి నారాయణకవి ‘రంగరాయచరిత్రము’ను, బొబ్బిలి కథాగేయాలను శౌర్యస్తుతులుగా మాత్రమే చదివితే ఈ భేదం మరుగున పడుతుంది. బొబ్బిలి ఓటమిని విధిలీలగా కాక, పోరు జరిగే దూరాన్ని ఫిరంగి నిర్ణయించిన ఫలితంగా వివరించడం సమంజసం.