గవ్వల లెక్క

మా రఘునాథపల్లిలో అష్టాచెమ్మకు కావలసింది నాలుగు గవ్వలు, అరుగు మీద బొగ్గుతో గీసిన 25 గళ్లు. గవ్వలు లేనింట్లో చింతగింజల్ని బండకేసి ఒక పక్క తెల్లబడేదాకా అరగదీసేవాళ్లం. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది గళ్లు. చెమ్మో అష్టో పడితేగానీ కాయ దిగదు, పడ్డవాళ్లకు మళ్లీ ఆట. వాడవాడకూ పద్ధతి కొంత మారుతుంది, మా వాడది ఇది.

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు ద్విపద విభాజనం చెప్పేటప్పుడు నేను నాణెం జోలికి పోను, గవ్వలే తీస్తాను. ఒక్కో గవ్వ రెండు తీర్ల పడుతుంది కాబట్టి నాలుగు కలిపి 16 తీర్లు. చెమ్మకు ఒక్కటే తీరు, అష్టకూ ఒక్కటే. మిగతా ఒకటికి 4, రెండుకు 6, మూడుకు 4. అంటే కాయ దిగే సంభావ్యత ఎనిమిదింట ఒక వంతు. ఎనిమిదిసార్లు వేసినా దిగకపోయే సంభావ్యత ఎనిమిదింట ఏడును ఎనిమిదిసార్లు గుణిస్తే వస్తుంది: దాదాపు 34 శాతం. "నా చేతికి దిష్టి తగిలింది" అని అలిగే పిల్ల ప్రతి అరుగు మీదా ఎందుకుంటుందో ఈ లెక్క చెబుతుంది. అరుదుగా పడేవాటికే మళ్లీ ఆట ఇచ్చినవాళ్లు ఈ సూత్రం చదవలేదు. ఆడీ ఆడీ తెలుసుకున్నారు.

సముద్రం ముఖం చూడని మా మెట్టకు గవ్వ దూరం నుంచే రావాలి. మాల్దీవుల నుంచి ఓడలకెత్తిన గవ్వలు బెంగాల్లో పందొమ్మిదో శతాబ్దం మొదటిదాకా చిల్లర డబ్బుగా చెల్లాయి. మా చుట్టుపక్కల తండాల్లో లంబాడా ఆడవాళ్లు వాటిని బట్టలకు కుట్టుకున్నారు.

1, 4, 6, 4, 1 అన్న వరుసను మాత్రం మనవాళ్లు పట్టింది జూదం కోసం కాదు, పద్యం కోసం. నాలుగు అక్షరాల్లో గురులఘువులు ఎన్ని తీర్ల వస్తాయో లెక్కపెడితే 16 గణాలు. అన్నీ లఘువులైతే నలము, అది ఒక్కటే. ఒకే గురువున్నవి 4, రెండున్నవి 6. పింగళుడి ఛందస్సూత్రాలకు పదో శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు ఈ అంకెల్ని మేరుప్రస్తారంగా పేర్చి చూపించాడు. అంతకుముందే, తొమ్మిదో శతాబ్దంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో సంయోగాలకు సూత్రమిచ్చాడు. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. గణాల కొలతతో కావ్యాలు నడిపిన సోమనాథుడి పాలకుర్తి, పోతన బమ్మెర రెండూ మా జనగామ జిల్లావే. మా పిల్లలకు అంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

జూదం నుంచి లెక్కకు వచ్చినవాళ్లు ఫ్రాన్స్ గణితజ్ఞులు పాస్కల్, ఫెర్మా. 1654లో ఇద్దరూ పందెం సొమ్ము పంపకం గురించి ఉత్తరాలు రాసుకున్నారు. మా మండలంలోని ఖిలాషాపూర్‌లో కోట కట్టిన సర్వాయి పాపన్న 1708లో ఓరుగల్లు మీద పడ్డాడు. అప్పటికి బాసెల్‌లో, వాళ్ల లెక్కను ముందుకు నడిపిన గణితజ్ఞుడు జాకబ్ బెర్నూలీ చనిపోయి మూడేళ్లు కావస్తోంది. ఆయన పుస్తకం 1713లో గానీ అచ్చు కాలేదు. గెలుపు, ఓటమి అని రెండే ఫలితాలున్న ప్రయత్నాన్ని ఎన్నిసార్లు చేసినా లెక్కగట్టే పద్ధతి అందులో ఉంది. ఆ రెండూ సమానం కానక్కర్లేదని కూడా ఉంది.

అసలు కిటుకు ఇక్కడే. పాఠ్యపుస్తకం సగం సగం అంటుంది గానీ గవ్వ వీపు ఉబ్బెత్తు, నోటి వైపు చదును, అది నాణెం మాట వినదు. వెల్లకిలా పడే సంభావ్యత 0.4 అనుకోండి. చెమ్మ 0.0256, అష్ట 0.1296 అవుతాయి. సమానమనుకున్న రెండింటి మధ్య అయిదింతల తేడా! ఇంత చిన్న మార్పుకు ఇంత తేడానా అని పిల్లలు నమ్మరు. నాలుగోఘాతం చేసే పని అది.

కాబట్టి లెక్కల మాస్టార్లకు నా మనవి ఒక్కటే: సూత్రం బోర్డు మీద రాసేముందు తరగతి చేత గవ్వల్ని వందసార్లు వేయించండి. ఎన్ని వెల్లకిలా పడ్డాయో పిల్లలనే రాసుకోనివ్వండి. 0.5 బదులు ఆ వచ్చిన అంకెతోనే లెక్క చేయించండి.