కరవునాట మూసిన తలుపు

రాయపూరు దేవేంద్ర నగర్‌లో కాపురముండి ఈ ప్రాంతపు సంఘచరిత్రను చదువు తెలుగు క్రైస్తవునకు, 1868లో ఆస్కార్ లోర్ దొర బిశ్రాంపూరున నెలకొల్పిన మిషనును, 1897లోను 1900లోను ఛత్తీస్‌గఢ్‌ను పీడించిన కరవులను తలచినంతనే ఒంగోలు స్మృతికి రాక మానదు. భయార్తులు దేవుని వెదకుచు వచ్చుట ఎల్లెడల ఉన్నదే; వచ్చినవారిని వాకిట నిలిపిన మిషనరీ మాత్రము అరుదు.

1876లో వానలు తప్పి మదరాసు రాజధాని క్షామమున మ్రగ్గుచుండ, ఒంగోలు చుట్టుపట్ల మాదిగపల్లెలలో అన్నము లేదు, పని లేదు, వెన్నంటి వచ్చిన కలరాకు మందు లేదు. పోలేరమ్మకు మ్రొక్కుటయు సోదె యడుగుటయు వారు తరతరములుగా ఎరిగిన మార్గములు. అయినను, గురుముఖమున యోగము నభ్యసించిన యెర్రగుంట్ల పేరయ్య, క్షామమునకు పదేండ్లు ముందే, 1866లో బాప్తిస్మము పొంది పల్లెపల్లెకు తిరిగి బోధించియుండెను. ఆకలియే సర్వమునకు మూలమనువారు ఈ కథను నడుమనుండి చదివినవారని నా యభిప్రాయము.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు దీసికొని వేలమందికి కూలి కల్పించెను. బోధకులే మేస్త్రీలై, పని విరామములందు అలసినవారి చెంత కూర్చుండి, భారము మోయువారిని పిలిచిన ప్రభువును గూర్చి చెప్పిరి. విని నమ్మితిమనినవారికి సైతము క్లౌ దొర సుమారు 15 నెలలపాటు బాప్తిస్మ మీయలేదు. కూలికై వచ్చినవాడెవడో క్రీస్తుకై వచ్చినవాడెవడో కరవునాట తెలియదని ఆయన శంక. పస్తులున్నవానికి కూలి యిచ్చి, వాని విశ్వాసమును ఆ కూలికి వెలగా పుచ్చుకొననొల్లని ఈ నిగ్రహము, పెక్కు ప్రసంగములకంటె క్రైస్తవమైనదని నేనెంతును.

1878లో సహాయము నిలిచిపోయినను జనము నిలువలేదు. గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికడ గుమిగూడి, తమకు ధనము వలదనియు, కష్టపడి బ్రదికితిమనుటకు అరచేతుల బొబ్బలే సాక్ష్యమనియు, మరల పంట పోయి చావవలసివచ్చినను క్రైస్తవులుగనే చత్తుమనియు వాదించిరి. దొరకు మారుపలుకు లేకపోయెను. జులై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌ దొర స్వయముగా ఒక్కరికైనను బాప్తిస్మ మీయక ఒడ్డుననే యుండగా, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు నీటిలో దిగి ఆ పని నెరవేర్చిరి.